గుర్రం పడితే ఒక అడుగు

మూడో రోజు కూడా తలుపు తియ్యలేదు.
మంచు ఒక్కటే అయితే సరే,
మంచూ ఇసుకా పిసికి కలిపిన గాలి అది.
గోబీ అంచున వసంతం ఇలాగే వస్తుంది,
చెప్పకుండా, కాళ్ళు కడుక్కోకుండా.
గుడారం వాసాలు తుమ్మెదల్లా రొద పెడుతుంటే
నడినెత్తిన కట్టిన తాడుకి వేలాడి
నాన్న రాత్రంతా ఇంటిని నేలకు పట్టి ఉంచాడు.

తమ్ముడు సోద్నోమ్‌కి ఆరేళ్ళు.
పొద్దుట్నుంచి వాడు
పొయ్యిలోకి ఉమ్మబోయి దెబ్బ తిన్నాడు,
నా జడ మూడుసార్లు విప్పాడు,
అమ్మ ఉప్పు టీలో బొటనవేలు ముంచి
వేడిగా ఉందని అందరికీ చెప్పాడు.
అప్పుడు ఖోర్లో నానమ్మ
పెట్టె వెనక చెయ్యి పెట్టి
ఒంటె తోలు సంచీ బయటికి లాగింది.
గలగల.
గాలి కూడా ఒక్క క్షణం
చెవి ఒగ్గినట్టే అనిపించింది నాకు.

గొర్రె చీలమండ ఎముకలు అవి.
ఒక్కో గొర్రె ఇచ్చేది రెండే.
నాలుగు వైపులు, నాలుగు పేర్లు:
గుర్రం, ఒంటె, గొర్రె, మేక.
గుర్రం ఏదో ఒంటె ఏదో
మొదట్లో ఎవరికీ తెలీదు;
చేత్తో తడిమి తడిమి
ఒకరోజు చీకట్లో కూడా తెలుస్తుంది.
నానమ్మకి కళ్ళు మసకలే,
అయినా మేకని గుర్రం అని దబాయించడానికి
ఆవిడకి కళ్ళతో పనిలేదు.

కంబళి మీద ఎముకల్ని బారుగా పేర్చాం.
అదే పందెం దారి.
నాలుగు ఎముకలు విసరాలి,
ఎన్ని గుర్రాలు పడితే అన్ని అడుగులు.
నా గుర్రం ఎర్రరంగు పూసింది.
తమ్ముడిది పంటిగాటు ఉన్నది.
ఆ గాటు వాడిదే, పళ్ళొచ్చే రోజుల్లోది.
నానమ్మది నున్నగా, పసుపచ్చగా,
వాళ్ళమ్మ చేతుల్లో అరిగింది.
"ఇది ముసలి గుర్రం, ముందు వదలండ్రా" అని
మూడడుగులు అప్పనంగా పుచ్చుకుంది.

రెండు ఒంటెలు, గొర్రె, మేక.
మేక, మేక, మేక, గొర్రె.
సోద్నోమ్ మూతి పొయ్యి దాకా సాగింది.
అమ్మ పిండి కలుపుతూనే
లెక్క తప్పులు పట్టుకుంటోంది.
నాన్న నడుముకు తాడు కట్టుకుని
దొడ్డి చూసొస్తానని వెళ్ళాడు.
తాడు రెండో కొస తలుపు పక్క గుంజకి.
అది బిగుసుకున్నప్పుడల్లా
అమ్మ పిండి ఆగేది.
వదులయినప్పుడల్లా
నానమ్మ "నీ వంతు, విసురు" అనేది,
ఎవరి వంతైనా సరే.

నేను విసిరాను.
నాలుగూ గుర్రాలే!
బతుకులో నాకు అలా పడ్డం అదే మొదలు.
కేకేసేలోపు తలుపు ఊడినంత పనై
గాలీ నాన్నా కలిసి లోపల పడ్డారు.
కనుబొమల మీద గడ్డ కట్టిన ఇసుక.
కోటు గుండీ విప్పితే
తడి తడిగా, ఇంకా పేరు లేని గొర్రెపిల్ల.

పొయ్యి పక్కన వదిలాం.
అమ్మ గోనెతో తుడిచింది.
అది ముందు వణికింది,
తర్వాత ముందుకాళ్ళ మీద మోకరిల్లింది,
వెనక భాగం ఎత్తి, ఊగి,
లేచి నిలబడి
నేరుగా మా పందెం దారిలోకి నడిచింది.
ఎర్రగుర్రం ఎక్కడో, ముసలిగుర్రం ఎక్కడో.
నాలుగు గుర్రాలు పడ్డాయంటే
ఈ రోజుకీ ఎవరూ నమ్మరు.
"ఒంటెలే అవి, నేను చూశాను"
అంటుంది కళ్ళు కనపడని నానమ్మ.

నేను ఏడవబోయి ఆగాను.
ఎందుకంటే తమ్ముడు
గొర్రెపిల్ల వెనక్కాళ్ళ వంకే చూస్తున్నాడు.
మడమ పైన, సన్నని చర్మం కింద
కదులుతున్న చిన్న గడ్డ.
ఒక వైపు ఒకటి. ఇంకో వైపు ఒకటి.
వాడు వేలితో తాకి చూసి
ఎవరితోనూ ఏమీ అనలేదు.
చెదిరిన ఎముకలన్నీ ఏరి
టోపీలో పోసి
టోపీ బోర్లించి
దాని మీద కూర్చున్నాడు.

"ఆట అయిపోయిందా?" అంది నానమ్మ.
"దానికి నిద్రొస్తోంది" అన్నాడు.
బయట గాలి అలాగే ఉంది.
నాలుగో రోజు మేం వేళ్ళ నీడలతో ఆడుకున్నాం.